అన్నీ వేమన్న పద్యాలేనా?

మన ఇళ్ళల్లో పిల్లలకు మాటలు సరిగ్గా రాకముందే వేమన్న వచ్చేస్తాడు. "ఏదీ, పెదనాన్నగారికి ఉప్పూ కర్పూరం పద్యం చెప్పు" అంటే చాలు, చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పేస్తారు. ఆయన పిల్లల కోసమని రాయలేదు గానీ, తెలుగు పిల్లలందరికీ మొదటి కవి ఆయనే. అందుకేనేమో, పద్యంలో కాస్త నీతి కనిపిస్తే చాలు, దాన్ని తీసుకెళ్ళి ఆయన ఖాతాలో వేసేస్తాం.

మేముండేది తార్నాకలో. మా పక్కింటి అమ్మాయికి ఉస్మానియా యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్ సీటు వచ్చింది. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అయినా వాళ్ళ తాతగారు, "ఇంకా చదువెందుకు, సంబంధాలు చూడండి" అని కూర్చున్నారు. "నన్ను నమ్మండి తాతయ్యా, రెండేళ్ళే కదా" అని ఆ పిల్ల బతిమాలింది. దానికాయన ఒక పద్యం చదివారు. ఆడదాని మీద నమ్మకమూ, పాముతో స్నేహమూ, వేపలో తీపీ అన్నీ ఒకటే, అన్నీ అబద్ధాలే అని దాని భావం. చదివి, "వేమన్న ఊరికే అన్నాడా?" అన్నారు. పిల్ల మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. పచ్చడి గిన్నె ఇవ్వడానికి వెళ్ళిన నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తాతగారి మీద కోపం సరే, వేమన్న ఈ మాట అన్నాడా అని మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున్న వాకింగులో మా టీచరుగారిని అడిగాను. ఆవిడ తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యారు. మేమిద్దరం రోజూ యూనివర్సిటీ లోపల ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి, కాసేపు ఆ భవనం ఎదురుగా కూర్చుని వస్తాం. 1939లో ప్రారంభమైన కట్టడం అది. ఆ గులాబీ రంగు రాయి మీద తొలి ఎండ పడితే ఎంత బాగుంటుందో!

"పద్యం చివర సుమతీ అని ఉంది కదా అమ్మాయ్, అది వేమన్నది ఎలా అవుతుంది? సుమతీ శతకంలోది. బద్దెన రాశాడంటారు" అన్నారావిడ. "అవి కంద పద్యాలు. వేమన్నవి చాలావరకు ఆటవెలదులు. ఇంకో సంగతి చూడు. ఆ పద్యంలో వేప తీపి అబద్ధం అన్నారు. తింటూ ఉంటే వేప చేదు పోయి తీపి అవుతుందని చెప్పింది వేమన్న కాదూ?"

నిజమే! రెండు పద్యాలూ చిన్నప్పటి నుంచీ వచ్చినవే, పక్కపక్కన పెట్టి చూస్తే కదా తెలిసేది. అప్పిచ్చేవాడూ, వైద్యుడూ ఉన్న ఊళ్ళోనే ఉండమనే పద్యం కూడా సుమతీ శతకంలోదే. మా బంధువుల్లో సగం మంది దాన్నీ వేమన్నదే అంటారు.

ఒకరిది ఇంకొకరికి అంటగట్టడం ఒక రకం. అసలు కొత్తగా పుట్టించడం ఇంకో రకం. వేమన్న విషయంలో అది మరీ తేలిక. ఆటవెలదికి నాలుగు పాదాలు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో పాదం ఎలాగూ మకుటమే. ఉప్మాకి నీళ్ళ కొలత తెలిసినట్టు ఈ కొలత తెలిస్తే మిగిలిన మూడు పాదాలూ ఎవరైనా కట్టొచ్చు. మేం స్కూల్లో లెక్కల మాస్టారి మీద కట్టి, కింద వేమన్న పేరు తగిలించి నవ్వుకునేవాళ్ళం. రెండు మూడు వందల ఏళ్ళుగా ఇంకెంతమంది కట్టారో! బ్రౌన్ దొర 1829లో అచ్చు వేసినప్పుడు 693 పద్యాలు. 1839లో మళ్ళీ వేసేసరికి 1164 అయ్యాయి. తర్వాత వచ్చిన పుస్తకాల్లో వేలకు వెళ్ళాయి. ఇక ఇప్పటి వాట్సాప్ సంగతి చెప్పక్కర్లేదు. అందులో గణాలూ లేవు, మకుటమూ లేదు, పువ్వుల పక్కన గడ్డం బొమ్మ ఒక్కటి ఉంటే చాలు.

మేం కూర్చునే ఆ యూనివర్సిటీలోనే ఎన్. గోపిగారు వేమన మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారట. ఆ పుస్తకం 'ప్రజాకవి వేమన' 1980లో వచ్చింది. పారిస్ గ్రంథాలయంలో ఉన్న వేమన పద్యాల పాత రాతప్రతిని కూడా ఆయన అచ్చు వేయించారు. పాత ప్రతుల్లో ఉన్నదేది, తర్వాత చేరిందేది అని పోల్చి చూడటానికి అలాంటివే ఆధారం అన్నారు టీచరుగారు.

ఇంటికొచ్చి తాతగారికి మెల్లిగా చెప్పాను. ఆయనేం తగ్గలేదు. "ఎవరు రాస్తేనేం, రాశారు కదా" అన్నారు. వేమన్న పేరు తీసేశాక మాత్రం ఆ పద్యానికి మునుపటి బరువు లేకపోయింది. వాళ్ళమ్మ ఫీజు ఆఖరు రోజున ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కట్టేసి వచ్చింది.

నాకు మాత్రం ఇంకో చిక్కు మిగిలింది. వేమన్న పేరున ఉన్న పుస్తకాల్లోనూ ఆడవాళ్ళని చిన్నబుచ్చే పద్యాలున్నాయి. "అవన్నీ ఎవరో చేర్చినవే అయ్యుంటాయి కదండీ?" అని ఆశగా అడిగాను. టీచరుగారు నవ్వారు. "నీకు నచ్చినవన్నీ ఆయనవి, నచ్చనివన్నీ పక్కవాళ్ళవీనా? తాతగారు చేసిందీ అదేగా" అన్నారు.

ఆవిడ దగ్గర తెచ్చుకున్న పుస్తకం మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక తీస్తున్నాను. పద్యం చదవడం, చివరి పాదం చూడటం, వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టడం. పిల్లలకు చెప్పదగ్గవాటికి పెన్సిలుతో టిక్కు పెడుతున్నాను. మనల్ని తిట్టినవి వస్తే పేజీ తిప్పేయకుండా అవీ చదువుతున్నాను. కొన్నిటికి పెన్సిలు విరిగేంత కోపం వస్తోంది.