ఏ ఇల్లూ విడవని నడక

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీలో ఒక సామెత. కాశీ సంగతి మనకక్కర్లేదు. సూరత్ భోజనం చూద్దామని, ధమ్మ కార్యక్రమం మీద జనవరిలో అక్కడికి వెళ్ళిన మేము నలుగురం ఒక ఆదివారం తిండి నడకకు పేర్లిచ్చాం. గైడు ఆరు చోట్లకు తిప్పుతాడు, తినిపిస్తూ చరిత్ర చెబుతాడు.

బాగానే చెప్పాడు. నాన్‌ఖటాయి డచ్చివారి బేకరీలో మొదలైందట. వాళ్ళు వెళ్ళిపోతూ బేకరీని దోతీవాలా అనే పార్సీకి వదిలారని ఊరంతా చెప్పుకునే కథ. శనగపిండి ఖమణ్ గట్టిపడక మెత్తగా ముద్దయితే అదే లోచో. ఆ మాటకు గందరగోళమని అర్థం. తపతి ఒడ్డున పోంక్ దోసిట్లో పోయగానే మాలో పెద్దావిడ, "ఇవి మన ఊచబియ్యం కదా!" అంది. అవే. పాలు పట్టిన జొన్నకంకుల్ని కాల్చి రాల్చిన గింజలు. మన దగ్గర చేలో కూలికి పోయినవాళ్ళు గట్టున కూర్చుని నమిలేవి, ఇక్కడ సేవ్ కలిపి తూకానికి అమ్ముతున్నారు.

నది దాటితే రాందేర్. అక్కడి ముస్లిం వర్తకులు రంగూన్‌తో వ్యాపారం చేస్తూ తెచ్చుకున్న బర్మా వంట ఖావ్సా. 1954 డిసెంబరులో ప్రపంచ బౌద్ధ సమ్మేళనానికి బాబాసాహెబ్ వెళ్ళింది ఆ రంగూన్‌కే. రెండేళ్ళు తిరక్కుండానే నాగపూర్ దీక్ష. గిన్నె చేతిలో పట్టుకుని ఈ సంగతి గైడుకు మేమే చెప్పాం. అతనికి కొత్త.

"లింబాయత్ వెళ్ళమా?" అని అడిగాం. "అక్కడ చూడ్డానికేముంది, అంతా కార్మికులే" అన్నాడు. మన ఊళ్ళ పెళ్ళిళ్ళలో పెట్టే సూరత్ చీరల బట్ట నేసే చేతుల్లో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలవీ ఉన్నాయి. లింబాయత్, ఉధనా చుట్టుపక్కల తెలుగు వినపడుతుంది. హోటల్లోకి ఎవరినీ కులం పేరుతో రానివ్వకుండా ఆపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతుంది. కానీ ఫలానా వీధికి కూడా వెళ్ళి తినండని ఏ అధికరణమూ చెప్పదు.

అది వినయంలో వెతకాలి. పిండపాతానికి బయల్దేరిన భిక్ఖువు వరసలో ఏ ఇల్లూ విడవకుండా నడవడాన్ని పాళీలో సపదాన చారిక అంటారు. జబ్బు నుంచి లేచిన మహాకస్సపుడికి భిక్ష పెడతామని దేవతలు ముందుకొస్తే, ఆయన వద్దని రాజగృహంలో పేదల వీధికి, సాలెల వీధికి వెళ్ళాడని ఉదానంలో ఉంది. సాలెల వీధి అని పేరు పెట్టి మరీ ఉంది!

గైడును మేమే ఆటోలో ఎక్కించుకున్నాం. సాంచాల చప్పుడు మధ్య ఒక చిన్న తెలుగు మెస్సు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎండుచేపల కూర. వడ్డిస్తున్న అక్క ఏ ఊరని అడిగింది, చెప్పాం. తర్వాత, "మీరేమిటోళ్ళు అన్నా?" అంది. గైడు పొద్దుటినుంచీ అడగని ప్రశ్న మన భాషలోనే ఎదురైంది.

"బౌద్ధులం అక్కా."

"అంటే?" అంటూనే గరిటె ఆపకుండా కూర వేసింది. ఆమెకు చెప్పడానికి చాలాసేపే పట్టింది. పక్క బల్ల దగ్గరి కుర్రాళ్ళు కూడా విన్నారు. ఆమె ఏమడిగిందని గైడు హిందీలో అడిగితే అతనికీ చెప్పాం. కాసేపు ఊరుకుని, ఇంకో రొట్టె అడిగాడు.