బోర్లా పడ్డాక బొబ్బట్లు.. అంతవరకూ వెల్లకిలా

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే జనం మనం. కానీ బోర్లా పడడం ఇంకా రాని బిడ్డని మనమే బోర్లా పడుకోబెడితే ఏమవుతుందని అడిగేవాళ్లు తక్కువ.

2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకి పెంచారు, 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. మంచిదే. అంటే మన ఐటీ వాళ్ల పిల్లలు ఆరో నెల దాటగానే డేకేర్ మెట్లెక్కుతారన్నమాట. మా ఆవిడ సెలవు కూడా అయిపోవస్తోంది కాబట్టి ఈ మధ్య వరసగా మూడు డేకేర్లు చూశాం. సీసీ కెమెరా ఉందా, ఏసీ ఉందా అంటే టకటకా చెప్పారు. "ఎలా పడుకోబెడతారు?" అంటే మాత్రం వింతగా చూశారు. ఒకచోట ఆయా, పాపం నిజాయితీగానే, "బోర్లా యేసేస్తే గమ్మున తొంగుంటారు బాబూ" అంది.

అసలు చిక్కంతా ఆ 'గమ్మున'లోనే ఉంది. బోర్లా పడుకున్న పసిబిడ్డ గాఢంగా నిద్రపోతుంది. ఊపిరి అందనప్పుడు ఉలిక్కిపడి లేవడం కష్టమవుతుంది. కారణం దొరకని ఇలాంటి నిద్ర మరణాలనే సిడ్స్ అంటారు. ఎక్కువ భాగం ఆరు నెలల లోపే జరుగుతాయి, కానీ ఏడాది నిండేవరకూ జాగ్రత్త తప్పదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992లో బోర్లా వద్దంది, 1994లో 'బ్యాక్ టు స్లీప్' ప్రచారం మొదలైంది, పదేళ్లు తిరిగేసరికి ఆ మరణాలు సగానికి పడిపోయాయి. అయినా 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో అక్కడి సిడ్స్ మరణాల్లో సుమారు 20 శాతం, పిల్లలు ఇతరుల సంరక్షణలో ఉన్నప్పుడే జరిగాయని తేలింది. ఇంట్లో వెల్లకిలా అలవాటైన బిడ్డని కొత్తచోట బోర్లా వేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. మన మెషీన్‌లో నడిచిన కోడు ప్రొడక్షన్‌లో కూలడం లాంటిదే. కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

ఇంట్లో పెద్దాళ్ల భయం వేరు. "వెల్లకిలా తొంగోబెడితే పాలు కక్కి పొలమారిపోతాది" అంటుంది మా అమ్మమ్మ. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి, కక్కిన పాలు పైకెక్కడమే కష్టం. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా నిద్రలో వద్దు. మెలకువగా ఉన్నప్పుడు, మనం చూస్తుండగా కాసేపు బోర్లా ఆడిస్తే చాలు. చీర ఉయ్యాల ఏడుపు మాన్పడానికి బాగానే ఉంటుంది. కానీ గంటల తరబడి నిద్రకి పనికిరాదు, మెడ ముందుకి వంగి ఊపిరికి అడ్డు రావచ్చు. ఇంకోటి మన శ్రీకాకుళం వైపు పెద్దాడవాళ్ల అడ్డపొగ. చుట్ట కొస నోట్లో ఉన్నా పొగ గదిలోకే వస్తుంది, పొగ కూడా సిడ్స్ ముప్పు పెంచేదే.

ఇది మన ఒక్కళ్ల గొడవ కాదు. పలాస జీడిపప్పు పనికి వెళ్లే తల్లికి ఏసీ డేకేర్ ఎక్కడిది? 2022లో మిషన్ శక్తి కింద 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీకి క్రెష్ జతచేసే పథకం వచ్చింది, ఆరు నెలల పిల్లల నుంచి. పాల్నా అంటే హిందీలో ఉయ్యాల. అక్కడ పనిచేసే అక్కకైనా, మన డేకేర్ ఆయాకైనా, నేర్పితేనే కదా తెలిసేది? ఒక్క మనిషి మీద ఎనిమిది మంది పిల్లల్ని వదిలేసి తప్పు ఆమెదే అనడం అన్యాయం.

గోడ మీద నాలుగు ముక్కలు తెలుగులో రాసి అంటించమనండి. ప్రతి నిద్రకీ వెల్లకిలా. గట్టి, చదునైన పరుపు. దిండు, బొంత, బొమ్మ ఏవీ వద్దు. పావుగంటకోసారి ఎవరో ఒకరు చూడాలి. బిడ్డ తనంతట తాను అటూ ఇటూ దొర్లడం నేర్చాక నిద్రలో తిరిగితే తిప్పక్కర్లేదు, పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలాయే.

ఫీజు ఎంత అని అడిగేముందు ఈ ప్రశ్న అడగండి. సమాధానం నచ్చకపోతే మొహమాటపడకుండా లేచొచ్చేయండి. మేం అదే చేశాం.