కోట్‌గఢ్ ఆపిలు రసము

గత భాద్రపదమాసమున మేము సిమ్లా కావలనున్న కోట్‌గఢ్‌నకుఁ బోయితిమి. 1904లో అమెరికానుండి మన దేశమునకు వచ్చి, పిదప నిచ్చటనే స్థిరపడిన సామ్యూల్ స్టోక్సుగారు అమెరికా ఆపిలు జాతుల నీ కొండలకుఁ దెచ్చిరి. నేఁడు ఆ తోఁటలే యిచ్చటివారికి జీవనాధారము.

మాకు బస యిచ్చిన యిల్లాలు అంగడికిఁ బోని చిన్నపండ్లతో రసము దీయుచుండెను. మేము చెట్ల క్రింద రాలినవానినిఁ గూడ నేరి తేఁగా, “వలదమ్మా, అచ్చటఁ బశువులు తిరుగును. పేడ సోఁకిన పండు పసిబిడ్డలకు ముప్పు” అని త్రోసివేసెను. కోసిన పండ్లను గడిగి, కుళ్లును గింజలను దీసివైచి, తొక్కతోనే దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి బరువుక్రింద నుంచెను. తేనెవన్నె రసము కాఱెను. దానిని 71 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిమివఱకుఁ గాఁచి చల్లార్చెను.

మేము మాత్రము ఇంటనున్న మా చిన్నదానికై పచ్చిరసమునే సీసాలోఁ బోసి బిరడా బిగించితిమి. మూఁడవనాఁడు రైలులో బిరడా యెగిరెను; రసము నురుగుగట్టి కల్లువాసన వేసెను. పండుమీఁది యీస్టు తీపిని మద్యముగను వాయువుగను మార్చినది. తాటికల్లు పొంగుట నెఱిఁగియు నేమఱితిమి!

దానినిఁ బాఱఁబోసి, ఇల్లు చేరి, బజారుపండ్లతో ఆ యమ్మ చెప్పినట్లే కాఁచి యిచ్చితిమి. మా చిన్నది త్రాగి, మరలఁ గిన్నె చాఁచినది.