109 తలుపుల ఇల్లు

ఏమండోయ్, రాత్రి పడుకోబోయే ముందు మీ ఇంట్లో ఎన్ని తలుపులకు గడియ పెడతారు? రెండా, మూడా? దానికే రోజూ "నువ్వు వేశావా, నేను వేశానా" అని పంచాయితీ! సరే, ఓసారి మారిషస్ రండి. పోర్ట్ లూయీకి దగ్గర్లో మోకా అనే ఊరుంది. అక్కడ 'యురేకా' అని ఓ పాత క్రియోల్ ఇల్లు, అంటే వలస పాలన నాటి దీవి పద్ధతి ఇల్లు. దానికి 109 తలుపులు. అక్షరాలా తలుపులే! గడియలు వేయడానికే ఓ మనిషిని జీతమిచ్చి పెట్టుకోవాలి.

ఇప్పుడది మ్యూజియం. 1830ల్లో మొదలెట్టిన చెక్క ఇల్లు. చుట్టూ వెడల్పాటి వరండా. నన్నడిగితే ముందు వరండా కట్టుకుని, మిగిలిన చోట గదులు వేసుకున్నారంటాను. మరి అన్ని తలుపులెందుకంటారా? గాలికండీ, గాలికి! ఫ్యాన్లు లేని రోజులాయె. ఈ వైపు దూరిన గాలి ఆ వైపు పోవాలి. పని చేసే గాలి, జీతమడగని గాలి.

పేరు సంగతి చెప్పలేదు కదూ. 1856లో ఇల్లు వేలానికి వచ్చింది. యూజీన్ లెక్లేజియో అనే పెద్దమనిషి పాడుకున్నాడు. పాట తనకే ఖాయమవగానే "యురేకా!", అంటే "దొరికేసింది!" అని కేకేశాడట. ఆర్కిమిడీస్ అంటే ఏదో కనిపెట్టి అరిచాడు. ఈయన డబ్బు కట్టాల్సొచ్చి అరిచాడు! 2008లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న లె క్లేజియో ఉన్నారే, ఆయనదీ ఈ వంశమే.

లోపలికి పదండి. చెప్పులు జాగ్రత్త, చెక్క నేల. గోడలకు పాత పటాలు. అదిగో, మెట్లు పసుపెక్కిపోయిన పియానో. వాయించాలని మీ వేలు జిలపెడుతోంది, నాకు తెలుసు. వద్దు! ఇటు చూడండి, ఆ కాలపు షవరు. ఎంత వింత సరంజామానో! స్నానం చేయడానికా, భయపెట్టడానికా?

వంటిల్లేదని వెతుకుతున్నారా? ఇంట్లో లేదు. వెనక పెరట్లో రాతి గదులున్నాయి చూడండి, అక్కడ. పనివాళ్ల నివాసాలూ అక్కడే. చెక్క ఇంటికి నిప్పంటే భయం మరి. వర్షంలో పళ్లేలు పట్టుకుని పెరడు దాటడం మాత్రం దొరగారి పని కాదు లెండి. దొరల దర్జా మాటకొస్తే, ఆ రోజుల్లో మారిషస్ దీవి సంపదంతా చెరకే. 1835 దాకా బానిసల చెమట, ఆ తర్వాత మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్ల చెమట. 1843లో మన కోరంగి రేవు నుంచీ కూలీలతో ఓడ వెళ్లింది. వాళ్ల మనవల మనవలకు ఇప్పుడు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు!

పెరడు దాటి కిందికి దిగితే లోయ, మోకా నది, జలపాతాలు. దిగేటప్పుడు ఉన్న ఉత్సాహం ఎక్కేటప్పుడు ఉండదు, ముందే చెప్తున్నా. అందుకే ముందు భోజనం. వరండాలో కూర్చుంటే క్రియోల్ వంటలు వడ్డిస్తారు. టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి వేసి చేసే రుగాయి తప్పకుండా అడగండి. అక్కడి కూరల్లో కరివేపాకు కూడా వేస్తారు. తీసి పక్కన పెట్టారో, ఊరుకోను!