పోర్చుగీసుకు తెలుగు దారి

ఉద్యోగాల కోసం, చదువుల కోసం పోర్చుగల్ చేరిన పిల్లలు మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కూడా ఉన్నారు. వాళ్లను చూసి రావడానికి బయలుదేరే తల్లిదండ్రులు కొందరు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీకు ఆ భాష వచ్చటగా, ఎలా నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. నాకు వచ్చింది బజారు పనికీ, పలకరింపుకీ, కాసిన్ని కబుర్లకీ సరిపోయేంత పోర్చుగీసే. అది రావడానికి ముందు చాలా దూరం తప్పుదారిలో నడిచాను. ఆ తప్పుల్ని ఉన్నవి ఉన్నట్టు చెబితే వెనక వచ్చేవాళ్లకు కాలం కలిసొస్తుందని ఇది రాస్తున్నాను.

బాపట్లలోనూ రేపల్లెలోనూ ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక తెనాలిలో స్థిరపడ్డాను. మా అమ్మాయి కాపురం లిస్బన్‌ను ఆనుకుని ఉన్న ఒదివెలష్‌లో. అల్లుడూ అమ్మాయీ ఉద్యోగాలకు వెళ్తే మనవణ్ణి చూసుకోవడానికి మేం వెళ్లాలి. షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనూ 90 రోజులకు మించి ఉండనివ్వరు కాబట్టి ఒక విడత ఉండి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాం. జీవితమంతా పరాయి భాష నేర్పినవాణ్ణి, నాకు ఇంకో భాష ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను. నా తప్పులన్నిటికీ మూలం ఆ ధీమా.

తెనాలిలో ఉండగానే ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని మొదలుపెట్టాను. అది నేర్పుతున్నది బ్రెజిల్ పోర్చుగీసు అని గమనించలేదు. బ్రెజిల్ జనాభా 20 కోట్ల పైమాట, పోర్చుగల్‌ది కోటి. ఎక్కువమంది మాట్లాడేదాన్నే యాప్‌లు ఎంచుకోవడం సహజం. నాకు మాత్రం అది హాయిగా ఉండేది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. బ్రెజిల్ వాళ్లు కూడా ప్రతి అచ్చునూ నోరారా పలుకుతారు. వింటుంటే మన భాషకు చుట్టంలా అనిపించింది. పోర్చుగల్‌లో దిగాక సంగతి తేలింది. అక్కడివాళ్లు ఊనిక లేని అచ్చుల్ని మింగేస్తారు. నేను 'లేచీ' అని నేర్చుకున్న పాలు అక్కడ 'లైత్'. 'చిన్న' అనడానికి నేను మూడు అక్షరాలు విడివిడిగా పలికే మాట వాళ్ల నోట 'ప్‌కేను' అయిపోయేది. బ్రెజిల్ టీవీ సీరియళ్లు చూసి చూసి వాళ్లకు నా మాట తేలిగ్గానే అర్థమయ్యేది, వాళ్ల మాటే నాకు అందేది కాదు. రైలును కూడా బ్రెజిల్లో ఒకలా, పోర్చుగల్లో ఇంకోలా అంటారు. వెళ్లే దేశం ఏదో చూసుకుని ఆ దేశపు గొంతులే వినాలన్నది నేను నేర్చుకున్న మొదటి పాఠం.

రెండో తప్పు, చెవి కంటే కంటిని నమ్ముకోవడం. క్రియారూపాల పట్టికలు నోట్సు రాసుకున్నాను. మేస్త్రీ, అల్మారా, అనాస లాంటి మాటలు పోర్చుగీసు నుంచే మనకు వచ్చాయని తెలిసి సంబరపడి అలాంటివన్నీ పోగేశాను. ఆ జాబితా మనసుకు బాగుంది గానీ బేకరీలో ఒక్క రొట్టె అడగడానికి కూడా అక్కరకు రాలేదు. పౌరసత్వం కోరే విదేశీయులు అక్కడ ఎ2 స్థాయి భాష వచ్చని చూపించాలి. అందుకు చాలామంది రాసే పరీక్ష 'సిప్లె'. దాన్లో విని అర్థం చేసుకోవడానికి 30 శాతం, మాట్లాడటానికి 25 శాతం మార్కులు. అంటే సగానికి పైగా చెవికీ నోటికే. ఆ లెక్క మా అమ్మాయి చెప్పినప్పుడు నా నోట్సు పుస్తకం విలువ ఎంతో నాకు తెలిసింది.

అన్నిటికంటే పెద్ద తప్పు మూడోది. నేను పోర్చుగీసును ఇంగ్లీషులోంచి నేర్చుకున్నాను. పుస్తకం ఇంగ్లీషు, యాప్ ఇంగ్లీషు, బుర్రలో వాక్యం కట్టుకునే పద్ధతీ ఇంగ్లీషే. ఇంగ్లీషులో 'నేను' లేకుండా వాక్యం నిలబడదు కాబట్టి ప్రతిదాని ముందూ 'ఎవు, ఎవు' అని తగిలించేవాణ్ణి. పోర్చుగీసుకు ఆ అవసరం లేదు. 'ఫాలు' అంటే 'మాట్లాడతాను'. ఎవరు అన్నది క్రియ చివరే తెలిసిపోతుంది, అచ్చం మనలాగే. తెనాలి స్టేషన్‌లో ఎవరైనా "ఎక్కడికండీ?" అంటే "రేపల్లె వెళ్తున్నా" అంటాం కదా, నేను వెళ్తున్నా అని నొక్కి చెప్పం. పుట్టినప్పటి నుంచీ నాలుక మీద ఉన్న ఆ అలవాటును పక్కన పెట్టి ఇంగ్లీషు అలవాటును అరువు తెచ్చుకున్నాను. ప్రతి వాక్యంలోనూ 'నేను, నేను' అంటుంటే అక్కడివాళ్లకు గొప్పలు పోతున్నట్టు వినిపిస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మందుల షాపులో తలనొప్పి మాత్ర అడగబోయి 'నా తల నొస్తోంది' అని ఇంగ్లీషు ప్రకారం మాటలు పేర్చుకుంటున్నాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి నాకు సాయంగా 'దొయ్‌ల్య అ కబేస?' అని అడిగింది. మాటకు మాట చూస్తే, నొప్పిగా ఉందా, మీకు, తల అని. నొప్పి ఎవరికో వాళ్లకు 'కు' చేర్చి చెప్పడం మనకు కొత్తా? అక్కడ నిలబడే నేను మొదటిసారి తెలుగులోంచి ఆలోచించాను. సులువుగా పట్టుబడింది.

వారాల దగ్గర మాత్రం నష్టమే జరిగింది. పోర్చుగీసులో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజులకు అంకెల పేర్లు: రెండోది, మూడోది, అలా ఆరోది వరకు. 6వ శతాబ్దంలో బ్రాగా బిషప్‌గా ఉన్న మార్టిన్, దేవతల పేర్లు రోజులకు వద్దన్నాడని, ఆ పద్ధతి అలా నిలిచిందని చెబుతారు. పంటి డాక్టరు దగ్గర నాకు 'తేర్స', అంటే మూడో రోజున రమ్మని టైమిచ్చారు. ఆఫీసు వారం లెక్కన సోమవారాన్ని ఒకటి అనుకుని బుధవారం వెళ్లాను. నా టైము ముందురోజే దాటిపోయింది. తర్వాతి ఖాళీ దొరికేదాకా నొప్పి భరించాను. మా అమ్మ నేర్పినట్టు 'ఆది, సోమ, మంగళ' అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఉంటే మూడోది మంగళవారమే అయ్యేది. లెక్క తెలుగులో ఉంది, నేను తీసుకోలేదు.

ఇక మర్యాద సంగతి. ఇది చెప్పడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది. మా అమ్మాయి వాళ్ల ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేది. యాప్‌లో నేర్చుకున్న 'వొసే' అనే మాటతో రోజూ పలకరించేవాణ్ణి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే సంబోధన కదా, ఇదీ అంతే అనుకున్నాను. ఆవిడ ముభావంగా తలూపి వెళ్లిపోయేది. ఒకరోజు మా అమ్మాయి విని కంగారుపడింది. "నాన్నగారూ, పెద్దవాళ్లను ఇక్కడ అలా అనకూడదు. బ్రెజిల్లో చెల్లుతుంది గానీ ఇక్కడ పుల్ల విరిచినట్టు ఉంటుంది. 'అ సెన్యోర' అనండి. మనం 'అమ్మగారు కాఫీ తాగుతారా?' అని ఎదుటి మనిషినే అడగమూ, అలా" అంది. ఆలోచిస్తే ఎంత దగ్గరో! 'మీరు వచ్చారు', 'అమ్మగారు వచ్చారు' రెండింటికీ మన క్రియ ఒకటే. పోర్చుగీసులోనూ 'వొసే' అన్నా 'అ సెన్యోర' అన్నా క్రియ మారదు. ఎవరిని ఏమని పిలవాలో తెలియకపోతే తెనాలిలో నోరు మెదపం. ఆ జాగ్రత్తను లిస్బన్‌లో ఎందుకు వదిలేశానో నాకే అర్థం కాలేదు. మర్నాడు వెళ్లి మర్యాదగా 'ద్‌ష్‌కుల్ప్' అని క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ నవ్వి కూర్చోమంది. రెండో విడతలో నాకు గురువు ఆవిడే.

ఉదయం మనవణ్ణి పార్కుకు తీసుకెళ్లినప్పుడు ఆవిడ బెంచీ మీద కూర్చుని ఆ పూట కూర, మోకాళ్ల నొప్పి, మనవరాలి చదువు గురించి చెప్పేది. నేను అర్థమైనంత విని, రానిచోట 'ద్‌వగార్', నిదానంగా, అని అడిగేవాణ్ణి. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ చెప్పేది. మన నోటికి ఎన్ని వరాలున్నాయో అప్పుడే గమనించాను. వాళ్ల త, ద మన త, ద లాగే పళ్లను తాకుతాయి. మనం జ్ఞాపకం తెచ్చుకోవడం మానేసిన ఞ వాళ్లకు నిత్యం అవసరం. మామిడిని 'మావిడి' అనేటప్పుడు ముక్కులోంచి వచ్చే వ ఉంది చూశారూ, రొట్టె అనే మాట చివర వాళ్లు పలికేది దానికి చాలా దగ్గర. ఇంగ్లీషు నాలుకతో తంటాలు పడ్డ ధ్వనులు తెలుగు నాలుకకు వెంటనే లొంగాయి.

మనిషి దగ్గరే భాష నేర్చుకోవాలన్నది నాకు తెలియని సంగతి కాదు. మా ఊరి రచయిత ఆలూరి చక్రపాణి గారి కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. క్షయకు చికిత్స కోసం మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు అక్కడ పరిచయమైన ఒకరి దగ్గర బెంగాలీ నేర్చుకుని, ఆ భాషలో రాసిన శరత్‌చంద్ర నవలల్ని తెలుగులోకి తెచ్చారు. ఆ తెలుగు ఎంత తేటగా ఉంటుందంటే ఆ మనుషులు మన వీధివాళ్లే అనిపిస్తారు. ఆయన నేర్చుకున్నది పక్కనున్న మనిషి దగ్గర, చేరింది నేరుగా తెలుగుకి. ఈ సంగతి క్లాసులో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. నా వంతు వచ్చేసరికి పాటించలేదు.

కాబట్టి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. బయలుదేరకముందే పోర్చుగల్ రేడియో, వార్తలు రోజూ వినండి, అర్థం కాకపోయినా సరే. చెవికి ఆ మింగిన అచ్చులు అలవాటు కావాలి. పలకరింపులు, అంకెలు, వారాలు, మందుల షాపు మాటలు ముందు పట్టుకోండి. థాంక్స్ మగవాళ్లు 'ఒబ్రిగాదు' అని, ఆడవాళ్లు 'ఒబ్రిగాద' అని చెప్పాలి, తల్లిదండ్రులిద్దరూ వెళ్తే ఎవరిది వాళ్లు నేర్చుకోండి. లిస్బన్ కుర్రకారు మీ తడబాటు చూసి ఇంగ్లీషులోకి మారిపోతారు. నేర్చుకుంటున్నానని చెప్పి పోర్చుగీసులోనే మాట్లాడమని అడగండి. అక్కడే ఉండిపోయే పిల్లలకు ప్రభుత్వమే విదేశీయుల కోసం ఉచితంగా భాషా తరగతులు నడుపుతోంది, ఆ అవకాశం వదులుకోవద్దనండి.

ముఖ్యంగా, ప్రతి కొత్త వాక్యాన్నీ 'దీన్ని తెలుగులో ఎలా అంటాం?' అని అడిగి చూసుకోండి. ఇంగ్లీషు రాదని జంకే మా వైపు అమ్మలు, నాన్నలు ఈ భాష నేర్చుకోవడానికి పనికిరామని అనుకోకండి. ఇంగ్లీషు బాగా వచ్చిన నాకంటే మీ దారే దగ్గర. నేను అనుభవం మీద చెబుతున్నాను, మీ తెలుగును నమ్ముకుని వెళ్లండి.