కూతురే శిష్యురాలు

కృష్ణాజిల్లా గుడివాడలో 1987వ సంవత్సరమున కోనేరు అశోక్‌కు కుమార్తె జన్మించెను. ‘ఛాంపియన్’ అను ఆంగ్లపదము నుండి ‘హంపి’ యను పేరు తీసి ఆయన ఆమెకు పెట్టెను. ఎంత ఆశ!

అశోక్ రసాయనశాస్త్రాధ్యాపకుడు, చదరంగపు ఆటగాడు. తండ్రి ఆట చూచి బాలిక పావులు కదుపసాగెను. ఆమెకు శిక్షణ నిచ్చుటకై ఆయన ఉద్యోగమును వదలుకొనెను. అప్పటికి మన దేశమున ఏ స్త్రీయు గ్రాండ్‌మాస్టరు కాలేదు. ఆడపిల్ల ఆటను నమ్మి నెలజీతము విడుచుట సాహసమే. చదరంగపు గురువునకు ఓడిన ఆటయే పాఠ్యగ్రంథము. తప్పెచ్చట జరిగెనో ఎత్తు వెంట ఎత్తుగా వెదకవలెను.

1997లో హంపి పదేండ్లలోపు బాలికలలో ప్రపంచ విజేత యయ్యెను. 2002లో, 15 ఏండ్ల 1 నెల 27 దినముల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరయ్యెను. అంత పిన్నవయస్సున ఆ బిరుదము నందిన స్త్రీ అంతకుముందు లోకమున లేదు.

2006లో అశోక్‌కు ద్రోణాచార్య పురస్కారము లభించెను. ఆ ద్రోణునకు కొడుకుకన్న శిష్యుడే మిన్న. ఈయనకు బిడ్డయే శిష్యురాలు.