గ్రహణ దర్శనము

1980 ఫిబ్రవరి 16వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము నల్లగొండ మీదుగా సాగినప్పుడు మేము మాతల్లి కడుపున నుంటిమి. పెద్దలామెను చీకటిగదినుండి కదలనీయరైరి. 2010 జనవరి 15 నాటి గ్రహణమునకు ఆమెయే గర్భవతియగు కోడలిని అట్లే గదిలో నుంచెను. చంద్రుడే సూర్యుని కప్పునన్న ఆర్యభటుని మాటను బడిలో బోధించు మేము నోరు మెదపమైతిమి.

2016 మార్చి 9వ తేదీ ఉదయమున ఇండోనేషియాలో, టెర్నాటె, టిడోరె దీవుల నడుమ, ఆ అత్తాకోడండ్రతో పడవలో నుంటిమి. సూర్యుడు పూర్తిగా మరుగుపడగానే గ్రహణపు కండ్లద్దములు తీసితిమి. సముద్రము నల్లబడెను, శుక్రుడు వెలిగెను, నల్లని బింబముచుట్టును తెల్లని కాంతివలయము విచ్చుకొనెను. రెండున్నర నిమిషములకు పైగా ఎవ్వరును పలుకలేదు.

వెలుగు మరలినపిదప మాతల్లి కోడలి చేయి పట్టుకొని, "దీనికా తల్లీ, నిన్ను గదిలో పెట్టింది!" అనెను. కోడలు మావైపు చూచెను. అత్త తెలియక చేసినది; తెలిసియు ఊరకున్నవారము మేము. చదువరులారా, బడిలో చెప్పినమాట ఇంటిలో చెప్పలేని చదువు చదువగునా?